ఇదియు నదియు: మన బాలుర ఇంగ్లీషు మాట

కొంతకాలము క్రిందట జనగామ రైల్వే స్టేషనులో మేము బండి కొరకు వేచియుండగా నొక చిన్న సంగతి జరిగినది. ఆ వేళకు స్టేషనులో రెండు బండ్లు నిలిచియుండెను. ఒకటి కాజీపేట వైపు పోవునది, రెండవది సికింద్రాబాదు వైపు పోవునది. తెలుగు తెలియని ప్రయాణికుడొకడు మొదటి బండి మెట్లయొద్ద నిలిచి, ప్రక్కనున్న హైస్కూలు విద్యార్థి నింగ్లీషులో నిట్లడిగెను: "డజ్ దిస్ ట్రెయిన్ స్టాప్ ఎట్ మహబూబాబాద్?" బాలుడు తడుముకొనక, "యెస్ సార్, దట్ విల్ స్టాప్" అని బదులు చెప్పెను. ఆ పెద్దమనిషి వెంటనే ఎదుటి బండివైపు చూచి, పెట్టె చేతబట్టుకొని యటు పరుగెత్తబోయెను. మేము కేకవేసి యాపితిమి.

బాలునియందు దోషము లేదు. వాని మనస్సులో మెదలిన వాక్యము "ఆ, అది ఆగుతది" అనునది. తెలుగులో నడిగినయెడల మనలో నెవరైనను నట్లే చెప్పియుందుము. ప్రశ్నలో "ఈ బండి" అని వచ్చినను బదులులో "అది" యనుట మనకు సహజము. ఒకసారి మాటలలోనికి వచ్చిన వస్తువును మరల చెప్పవలసివచ్చినప్పుడు, అది మన చేతికందునంత దగ్గర నున్నను సరియే, మనము "అది" యందుము. ఇంగ్లీషువాడట్టిచోట "ఇట్" అనును. "దట్" అని విన్నంతనే వాని చూపు దూరమునకు బోవును. ఇంత చిన్న మాట మూలమున మానుకోటకు బోవలసినవాడు సికింద్రాబాదు చేరెడివాడు.

ఈ సంగతి మమ్ము చాలదినములు విడువలేదు. ఏలయన, ఆ బాలుడు చదువుకొన్న పాఠమే మేమును జదువుకొంటిమి, మా తరువాతివారికి బోధించితిమి. ఉపాధ్యాయుడు కలమెత్తి "దిస్ ఈజ్ ఎ పెన్" అనును. కిటికీలోనుండి వేపచెట్టును జూపి "దట్ ఈజ్ ఎ ట్రీ" అనును. తరగతి యంతయు నేకకంఠముతో వల్లించును. పిమ్మట నల్లబల్లపై రెండు సమీకరణములు వ్రాయబడును: దిస్ అనగా ఇది, దట్ అనగా అది, దగ్గరిదానికి మొదటిది, దూరపుదానికి రెండవది. దానితో పాఠము ముగియును. మా యభిప్రాయమేమనగా, ఈ పాఠములో చెప్పినదంతయు మన బాలునకు ముందే తెలియును. వానికి తెలియనిది మాత్రము చెప్పబడదు.

ముందే యెట్లు తెలియునందురా? మన భాషలో ఆ, ఈ, ఏ అను మూడిటికిని వైయాకరణులు త్రికమని పేరు పెట్టినారు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణములో దీనికి ప్రత్యేకముగా సంధికార్యము సయితము విధించెను. అక్కాలము, ఇచ్చోటు, ఎవ్విధము అను రూపములట్లు పుట్టినవే. ఇక్కడ, అక్కడ, ఎక్కడ; ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు; ఇట్లు, అట్లు, ఎట్లు; ఇంత, అంత, ఎంత. ఒక్క అచ్చు మార్చినచో చాలును, దగ్గర, దూరము, ప్రశ్న మూడును వెలువడును. కాల్డ్వెల్ పండితుడు 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము రచించినప్పుడు ఈ నిర్దేశక స్వరములను గూర్చి విపులముగా చర్చించెను. తమిళమునందును కన్నడమునందును నివే అచ్చులు. సింహళద్వీపపు తమిళులైతే రెంటికి నడుమ "ఉదు" అని మూడవదానిని గూడ వాడుకలో నిలుపుకొన్నారు. ఇక మన జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెలలోని పలుకుబడి సంగతి చెప్పవలెనా? గిది, గది, గిట్ల, గట్ల, గీడ, గాడ అని ముందొక గకారమును జేర్చి, వ్రేలితో పొడిచి చూపినట్లు చెప్పుట మన పిల్లలకు తల్లి యొడిలోనే యలవడినది. ఇట్టివానికి "దగ్గర, దూరము" అని యొక యేడు నేర్పుట, ఈతగానికి నీళ్లు చూపుట వంటిది.

ఇంగ్లీషులోను త్రికము వంటిదొకటి గలదని పిల్లలకు చెప్పినచో వారు మిక్కిలి సంతోషింతురు. హియర్, దేర్, వేర్ అని వరుసగా వ్రాసి, ప్రక్కన ఇక్కడ, అక్కడ, ఎక్కడ అని వ్రాయుడు. ఒక్క నిమిషములో వారే మిగిలిన జంటలు వెదకుదురు. మేము పరీక్షించి చూచితిమి.

తెలియనిదేదో చెప్పెదము. తెలుగు "అది" యొక్కటే నాలుగు కొలువులు చేయుచున్నది. దూరపు వస్తువును జూపును. చెప్పిన వస్తువును మరల తలచును. పల్లెమాటలో స్త్రీని సూచించును. ఎదుటివాడు పలికిన మాటను సయితము "అది నిజమే" యని పట్టుకొనును. ఇంగ్లీషులో మొదటిదానికిని నాలుగవదానికిని "దట్" చాలును. రెండవదానికి "ఇట్" కావలెను, మూడవదానికి "షి" కావలెను. కావున దిస్, దట్ అను రెండింటిని ఇట్ లేకుండ నేర్పుట సగము నేర్పుట. "వాట్ ఈజ్ దిస్?" అని యడిగినప్పుడు మన బాలురు "దిస్ ఈజ్ ఎ బుక్" అని గాని "దట్ ఈజ్ బుక్" అని గాని యందురు, నిత్యవ్యవహారములో వినబడు సమాధానము "ఇట్ ఈజ్ ఎ బుక్". మొదటిసారి చూపుట వేరు, చూపినదానిని గూర్చి మాట సాగించుట వేరు. ఈ భేదమును మొదటినాడే చెప్పవలెనని మా మతము.

స్త్రీని "అది" యనుట ప్రసక్తికి వచ్చినది గనుక మర్యాద సంగతి కొంచెము చెప్పక తప్పదు. ఒక వార్షికోత్సవ దినమున పదవ తరగతి బాలిక యొకతె రేగొండ ప్రాంతమునుండి వచ్చిన తన అమ్మమ్మను తోడుకొనివచ్చి, అతిథులలో నొకరికి పరిచయము చేయుచుండెను. "షి ఈజ్ మై గ్రాండ్‌మదర్" అని యనబోయి యాగి, చదువుకొన్నది జ్ఞప్తికి దెచ్చుకొని, "దిస్ ఈజ్ మై గ్రాండ్‌మదర్" అనెను. అని, వెంటనే వెనుకకు దిరిగి, "నిన్ను ఇది అనలేదే అమ్మమ్మా, ఇంగ్లీషుల గట్లనే అంటరు" అని రహస్యముగా చెప్పెను. ఆ వృద్ధురాలు "ఏమన్నా సరే బిడ్డా, నవ్వుకుంట అను" అనినది. మేమక్కడనే యుంటిమి.

ఆ పిల్ల తటపటాయించుట తెలివితక్కువ వలన గాదు, సంస్కారము వలన. పెద్దలను "ఇది" యనుటకు తెలుగుబిడ్డ నోరు రాదు. కావున వారు "హి ఈజ్ మై ఫాదర్" అందురు. మరికొందరు తెలుగు "వీరు" అనుదానిని బట్టి "దే ఆర్ మై ఫాదర్" అని గూడ అందురు. ఇంగ్లీషులో మొదటిసారి మనిషిని జూపి పరిచయము చేయునప్పుడు "దిస్" అనుటలో నగౌరవ మావంతయు లేదు. తల్లినైనను, ప్రధానోపాధ్యాయునైనను, రాష్ట్రపతినైనను నట్లే పరిచయము చేయుదురు. ఆ తరువాతి వాక్యమునుండి హి, షి. అట్లుగాక పరిచయమైన పిదప గూడ "దిస్ కేమ్ ఎస్టర్డే" అని మనిషిని గూర్చి చెప్పినచో నది నిజముగనే మోటు. గేటు దగ్గర దూరముగా కనబడుచున్న తండ్రిని స్నేహితునికి జూపునప్పుడు "దట్ ఈజ్ మై ఫాదర్" అనుట సరియైనదే. ఈ కారణము తెలిసిన బాలునకు జంకు పోవును. కారణము చెప్పక తప్పు దిద్దినచో వాడు నోరే మూసికొనును.

ఇదే చిక్కు తలక్రిందులుగా తెలుగు నేర్చుకొనవచ్చిన ఇంగ్లీషువారికి గలిగెడిది. మచిలీపట్టణమున మిషనరీగా పనిచేసిన ఆర్డెను దొరగారు 1873లో తెలుగు వ్యాకరణమును రచించినది తనవంటి పరదేశీయుల కొరకే. వారికి "హి" యొక్కటే. మనకు వాడు, వీడు, అతడు, ఇతడు, ఆయన, ఈయన, వారు, వీరు. ఏ మనిషి యెంత దగ్గర నున్నాడో, ఎంత గౌరవింపదగినవాడో రెండును దేల్చుకొనిన గాని యొక్క వాక్యము పూర్తికాదు. వారు పొరపడినప్పుడు మన పెద్దలు నవ్వి దిద్దిరే గాని వారి తెలివిని శంకింపలేదు. మన పిల్లలయెడ మనమును నట్లే యుండవలదా?

టెలిఫోనులో మరియొక వింత గలదు. మనము "నేను ఫలానా మాట్లాడుచున్నాను" అందుము. ఇంగ్లీషువారు తమ్ము దామే "దిస్ ఈజ్ ఫలానా" అని చెప్పుకొందురు. అవతల నున్నదెవరని యడుగునప్పుడు ఇంగ్లండువారు "దట్" అనియు, అమెరికావారు "దిస్" అనియు నందురు. వారిలో వారికే యేకాభిప్రాయము లేనిచోట మన బాలుని మార్కులు తగ్గించుట తగదు.

ఇక వచనమును గూర్చి. "దిస్ బుక్స్", "దట్ బాయిస్" అను తప్పు మేము ప్రతి సంవత్సరము వందల కాగితములపై ఎర్రసిరాతో దిద్దుచున్నాము. దీనికిని మూలము తెలుగులోనే యున్నది. ఈ పుస్తకము, ఈ పుస్తకములు. ఆ పిల్లవాడు, ఆ పిల్లలు. నామము మారును గాని ముందున్న ఈ, ఆ మారవు. ఇంగ్లీషులో సయితము మంచి, పెద్ద, ఎర్ర మున్నగు గుణవాచకము లేవియు వచనమునుబట్టి మారవు. ఈ రెండే మారి దీజ్, దోజ్ అగును. అనగా ఇంగ్లీషే తన సామాన్యధర్మము నిక్కడ దప్పినది; బాలుడు తప్పకున్నాడు! పూర్వము నిజాము రాజ్యములో, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమేర్పడి పై చదువు ఉర్దూలో సాగిన కాలమున, మన తాలూకాల విద్యార్థులు ఇంగ్లీషును ఉర్దూ ద్వారా నేర్చికొనిరి. ఆ దారియు దీనికి సహాయపడలేదు. ఉర్దూమాటలో "యే", "వో" అనునవి యేకవచన బహువచనములకు రెంటికి నొక్కటే.

కాని యిందులో మరి సూక్ష్మమైనదొకటి యున్నది. వ్యాకరణపుస్తకములలో మాకెచ్చటను గనబడనిది, తరగతిలో మాత్రము నిత్యము వినబడునది. వేసవిలో నొక బాలుడు కూజాను జూపి "దీజ్ ఆర్ కూల్ వాటర్" అనెను. "దీజ్ మిల్క్" అని మరియొకడు. వచనము తెలియక యన్నవి కావివి, తెలిసి యన్నవి! తెలుగులో నీళ్లు, పాలు నిత్యబహువచనములు. "ఇవి చల్లని నీళ్లు", "ఈ పాలు విరిగినవి" అందుము. బియ్యము కూడ "ఉడికినవి" గాని "ఉడికినది" గాదు. ఆ బాలుడు తన భాషను శ్రద్ధతో ననుసరించినాడు. ఇంగ్లీషులో నీళ్లు, పాలు, బియ్యము లెక్కకు రావు గనుక "దిస్" తప్పదు. కత్తెర, కండ్లజోడు, పంట్లాము మనకొక్కొక్కటి. వారికి రెండు పాయలవి గనుక "దీజ్". న్యూస్ అను మాట చివర సకారమున్నను "దిస్" మాత్రమే. ఈ పట్టికను బట్టీ పట్టించుటకంటె, నీళ్లకూజాయు కత్తెరయు బల్లపై నుంచి మాట్లాడించుట మేలు.

ఉచ్చారణములో మనకొక సౌకర్యమున్నది. దిస్, దీజ్ అను వానికి హ్రస్వదీర్ఘముల భేదము. హ్రస్వదీర్ఘములు తెలుగువాని చెవి కెన్నడును దప్పిపోవు. చివరి హల్లు నొక్కటే కొంచెము సాధన చేయవలెను. దీజ్ చివర గొంతు మ్రోగవలెను. దకారమునకు నాలుక కొనను పండ్ల నడుమ నుంచుట యొక వారములో వచ్చును.

కాలమును జెప్పునప్పుడు "టుడే మార్నింగ్" అనుట మన ప్రాంతమందంతటను పాతుకొనిపోయినది, "ఈ రోజు పొద్దున" అనుదానికి మారుగా. వారు "దిస్ మార్నింగ్" అందురు. ఇంతకంటె దీనిని గూర్చి చెప్పదగినది లేదు. బట్టలకొట్టులో "ఇది కాదు, అది" యనవలసినప్పుడు "దిస్ వన్", "దట్ వన్" అని యొక చిన్న "వన్"ను జేర్చుకొనుట మరువరాదు. ఇక మన "ఇగో", "అగో" లకు సరియైన దిస్, దట్ ఇంగ్లీషున లేవు. "అగో, బస్సు అచ్చింది" యనుటకు "దట్ బస్ కేమ్" అనుచున్నారు; "హియర్ కమ్స్ ది బస్" అనవలెను. తెలుగు "అగో" లోని తొందర యందులోనే గలదు.

తెలుగును నమ్మి ధైర్యముగా మాటాడదగిన చోట్లును గలవు. ఎదుటివాడు చెప్పినదానిని మెచ్చునప్పుడు "అది సరే", "అది మంచి మాట" అందుము. ఇంగ్లీషులో "దట్స్ రైట్", "దట్స్ గుడ్". మనము చెప్పబోవు దానిని "ఇది విను" అందుము. వారును "లిసన్ టు దిస్" అందురు. "ఆ రోజులలో" అనునది "ఇన్ దోజ్ డేస్" తో నక్షరముగా సరిపోవును. "ఇంగ్లీషులో నాలోచింపుము, తెలుగును మరువుము" అని తరగతిలో గద్దించు పద్ధతి యింకను గొన్నిచోట్ల నున్నది. మాకది రుచింపదు. ఏ చోట తెలుగు తోడువచ్చునో, ఏ చోట ప్రక్కదారి పట్టించునో చూపుటయే ఉపాధ్యాయుని పని.

తలిదండ్రులలో గొందరు మమ్మిట్లడుగుదురు: "దిస్ బుక్స్ అన్నను ఇంగ్లీషువానికి అర్థమగుచున్నది గదా, దీనికింత రాద్ధాంతమేల?" మాటలో నర్థమగును, నిజమే. రైలు స్టేషనులో వంటి ఘట్టములు నిత్యము రావు. పుస్తకములో నట్లు గాదు. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు క్రొత్త జిల్లాలైనవి. 2022-23 విద్యాసంవత్సరమునుండి రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు గల పుస్తకము లచ్చువేయబడినవి. సింగరేణి గనులలో పనిచేయువారి పిల్లలును, కూలిచేసుకొనువారి పిల్లలును నేడు విజ్ఞానశాస్త్రమును, సాంఘికశాస్త్రమును ఇంగ్లీషులోనే చదువుచున్నారు. ఆ పుస్తకములలో దిస్, దీజ్ అనునవి కలమును జూపవు, చెట్టును జూపవు. వెనుకటి వాక్యమును జూపును.

ఒకనాడు మేము ఎనిమిదవ తరగతి పిల్లలకు మూడు వాక్యములు వ్రాసియిచ్చితిమి. వాని తాత్పర్యమిది: మొక్కలు గాలినుండి బొగ్గుపులుసు వాయువును, నేలనుండి నీటిని గ్రహించును. ఆకులు సూర్యకాంతిలో "దీజ్" నుండి యాహారమును జేయును. "దిస్" పగటివేళ జరుగును. "దీజ్ అనగా నేవి?" అని యడుగగా ననేకులు ఆకులనిరి. ఆ మాటకు దగ్గరగా నున్నవి ఆకులే గదా! దగ్గరిది దిస్, దూరపుది దట్ అను పాఠమును వారు పుట మీదికి గూడ నట్లే తెచ్చినారు. వాయువును నీరును ననిన వారు కొందరే. "దిస్" అనగా సూర్యకాంతి యని పలువురనిరి. ఆహారము చేయు క్రియ యంతటిని ఆ యొక్క మాట పట్టుకొన్నదని చెప్పినవారు మరీ తక్కువ. ఈ పిల్లలకు మొక్కల సంగతి తెలియకపోలేదు, తెలుగులో నడిగినచో చక్కగా చెప్పగలరు. పరీక్షలో మాత్రము విజ్ఞానశాస్త్రము రానివారుగా లెక్కింపబడుదురు.

తెలుగువాక్యములో నట్టిచోట మనము ఊరక "దీనినుండి" యని విడువము. "ఈ రెంటినుండి", "ఈ పని" అని పేరు గూడ చేర్చుదుము. లేదా "అందువలన", "అప్పుడు" అని దూరపు రూపముతో వెనుకకు బోవుదుము. ఇంగ్లీషు రచయిత యొంటి "దిస్"తో సరిపెట్టును. కావున చదువునప్పుడు దిస్, దీజ్ వచ్చినచోటనెల్ల ఆగి, ప్రక్కన పెన్సిలుతో "ఈ యేమి?" యని ప్రశ్న వేసికొని, జవాబును తెలుగులో వ్రాసికొనుట మేమిప్పుడు పిల్లలకలవరచుచున్నాము. పుస్తకము పాడగునని గ్రంథాలయాధికారి మాపై కినుక వహించినారు. ఆయనకు క్షమాపణలు చెప్పుకొంటిమి, పెన్సిలు గుర్తులు సంవత్సరాంతమున తుడిపించెదమని మాటయిచ్చితిమి.

వచ్చు జూను నెలలో ఆరవ తరగతి తెరచినప్పుడు "దిస్ ఈజ్ ఎ పెన్" అను పాఠము మొదటి వారముననే దిస్, దట్, ఇట్ మూడును గలిపి చెప్పబడవలెనని ఉపాధ్యాయ మిత్రులను గోరుచున్నాము. ఒకడు చూపవలెను, రెండవవాడు చూడకుండ నడుగవలెను, మూడవవాడు "ఇట్"తో బదులు చెప్పవలెను. చూచుచున్న కలమును కలమని వల్లించుటలో నెవరికి నేమి తెలిసినది? ఒకని చేతిలో నేమున్నదో తక్కినవారికి తెలియకుండ గుడ్డ గప్పినచో ప్రశ్నకు బ్రాణము వచ్చును. ఈ యేడు వార్షికోత్సవమునకు వచ్చిన తలిదండ్రులను వారి పిల్లలే వరుసగా సభకు బరిచయము చేయునట్లు ప్రధానోపాధ్యాయులవారిని బ్రార్థించితిమి. వారంగీకరించినారు. తల్లులును అమ్మమ్మలును తప్పక రావలెను.